వైద్యుడిపై మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు: రిజిస్ట్రేషన్ చూసుకోవడం నుంచి అప్పీలు వరకు

వైద్యుడి మీద మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసి నిరాశపడినవారిలో ఎక్కువమంది కౌన్సిల్ చేతిలో లేని పనిని కౌన్సిల్‌ను అడిగినవారే. ఆసుపత్రి బిల్లు తిరిగి ఇప్పించమనో, నష్టపరిహారం కావాలనో, డాక్టరును అరెస్టు చేయించమనో, ఆసుపత్రికి తాళం వేయించమనో రాస్తారు. ఇవేవీ కౌన్సిల్ పరిధిలోకి రావు. ఫలానా వ్యక్తికి వైద్యం చేసే హక్కు ఉందా, ఉంటే ఆ హక్కును వృత్తి నియమాలకు లోబడి వాడుకున్నాడా అన్న రెండు ప్రశ్నలకే కౌన్సిల్ జవాబు చెప్పగలదు. తప్పు తేలితే ఆ హక్కును కొంతకాలం గానీ, శాశ్వతంగా గానీ వెనక్కి తీసుకోగలదు. కాబట్టి ఫిర్యాదును ఆ రెండు ప్రశ్నలకు సరిపోయేలా రాసుకోవాలి. దానికి ముందు ఏయే కాగితాలు చేతికి తెచ్చుకోవాలో, ఎలా రాయాలో, రాసిన తర్వాత ఏం జరుగుతుందో రెండు తెలుగు రాష్ట్రాల పాఠకులను దృష్టిలో పెట్టుకుని వివరిస్తాను.

ఏ చట్టం, ఏ కౌన్సిల్

అల్లోపతి వైద్యుల విషయంలో దేశమంతటికీ వర్తించే చట్టం 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం. ఇది 2020 సెప్టెంబరు 25న అమలులోకి వచ్చింది. దానితో 1956 నాటి భారత వైద్య మండలి చట్టం, ఆ చట్టం కింద నడిచిన మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రెండూ రద్దయ్యాయి. కొత్త కమిషన్ కింద నాలుగు స్వతంత్ర బోర్డులున్నాయి. వాటిలో ఫిర్యాదుదారుకు పనిపడేది ఒక్కటే, అది ఎథిక్స్ అండ్ మెడికల్ రిజిస్ట్రేషన్ బోర్డు. జాతీయ రిజిస్టర్‌ను నిర్వహించేదీ, రాష్ట్ర కౌన్సిళ్ల నిర్ణయాలపై అప్పీళ్లు వినేదీ ఈ బోర్డే.

అయితే మొదటి విచారణ ఢిల్లీలో జరగదు. డాక్టరు పేరు నమోదు చేసేదీ, అతనిపై ఫిర్యాదు తీసుకునేదీ రాష్ట్ర మెడికల్ కౌన్సిలే. ఉమ్మడి రాష్ట్రంలో 1968లో చేసిన వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టమే ఈ కౌన్సిళ్లకు మూలం. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ విజయవాడ నుంచి, తెలంగాణ కౌన్సిల్ హైదరాబాద్ కోఠి నుంచి పనిచేస్తున్నాయి. 2014కు ముందు నమోదైన డాక్టరు ఇప్పుడు తెలంగాణలో ప్రాక్టీసు చేస్తున్నా, పాత నమోదు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ పేరుతోనే కనిపించవచ్చు. అందువల్ల ఫిర్యాదు పంపే ముందు ఆయన పేరు ఇప్పుడు ఏ కౌన్సిల్ జాబితాలో ఉందో తేల్చుకోవాలి. ఆసుపత్రి ఏ ఊళ్లో ఉందన్నది చూసి చిరునామా రాసేస్తే ఒక కౌన్సిల్ నుంచి మరో కౌన్సిల్‌కు కాగితం తిరగడంతోనే నెలలు గడిచిపోతాయి.

వైద్యుల ప్రవర్తనను కొలిచే నిబంధనలు 2002 నాటివి. వాటి స్థానంలో 2023 ఆగస్టు 2న కమిషన్ కొత్త నిబంధనలను ప్రకటించింది. జెనరిక్ మందుల పేర్లు రాయడం వంటి అంశాలపై వైద్య సంఘాల నుంచి పెద్దయెత్తున అభ్యంతరాలు రావడంతో మూడు వారాలకే, ఆగస్టు 23న, వాటిని నిలిపివేసి 2002 నిబంధనలనే తిరిగి అమలులో పెట్టింది. నెట్‌లో దొరికే చాలా వ్యాసాలు ఈ రెండింటినీ కలగలిపి రాస్తున్నాయి. ఫిర్యాదులో నిలిపివేసిన నిబంధన సంఖ్యను ఉదహరిస్తే అవతలి న్యాయవాదికి మొదటి అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది.

నర్సులు, ఫార్మసిస్టులు, దంతవైద్యులు, ఆయుర్వేద, హోమియో వైద్యులు ఈ కౌన్సిల్ కిందికి రారు. నర్సుకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసిస్టుకు 1948 నాటి ఫార్మసీ చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్, దంతవైద్యుడికి డెంటల్ కౌన్సిల్ ఉన్నాయి. ఆయుర్వేదం వంటి భారతీయ వైద్య విధానాలకూ, హోమియోపతికీ 2020లో వేర్వేరు జాతీయ కమిషన్ చట్టాలు వచ్చాయి. ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్ల వంటి వారికోసం 2021లో మరో చట్టం వచ్చింది. సంస్థ పేరు మారుతుంది కానీ, నంబరు చూసుకోవడం, రికార్డులు తెచ్చుకోవడం, నిబంధనకు ముడిపెట్టి రాయడం అన్నవి అన్నిచోట్లా ఒకటే.

ముందుగా రిజిస్ట్రేషన్ నంబరు

ఎంబీబీఎస్ పూర్తిచేసి, ఏడాది ఇంటర్న్‌షిప్ ముగించినవారికే శాశ్వత రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఇంటర్న్‌షిప్ కాలంలో ఉండేది తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే, దానితో సొంతంగా ప్రాక్టీసు పెట్టుకునే వీలు లేదు. ఎండీ, ఎంఎస్ వంటి పై చదువులు పూర్తయితే వాటిని కూడా అదనపు అర్హతగా కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలి. రిజిస్ట్రేషన్ ఒకసారి వచ్చాక నిశ్చింతగా ఉండడానికి కూడా లేదు. ప్రతి అయిదేళ్లలో 30 గంటలు నిరంతర వైద్య విద్యా కార్యక్రమాలకు హాజరు కావాలని నిబంధన ఉంది. రాష్ట్ర కౌన్సిళ్లు రెన్యువల్ సమయంలో దానినే చూస్తాయి.

క్లినిక్‌లో కంటికి కనిపించేలా, అలాగే ప్రిస్క్రిప్షన్ మీద, సర్టిఫికెట్ మీద, ఫీజు రసీదు మీద రిజిస్ట్రేషన్ నంబరు వేయడం డాక్టరు బాధ్యత. ఆ నంబరు లేకపోవడమే ఒక ఉల్లంఘన అన్న సంగతి చాలామందికి తెలియదు. వీడియో కాల్‌లో చూసి మందులు రాసే డాక్టరుకూ ఇదే నియమం వర్తిస్తుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దీన్ని స్పష్టంగా చెప్పాయి.

నంబరు దొరికాక జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో వెతకాలి. పేరుతో, నంబరుతో, రిజిస్ట్రేషన్ సంవత్సరంతో, రాష్ట్ర కౌన్సిల్ పేరుతో వెతకవచ్చు. పేరుతో వెతికేటప్పుడు ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో ఫలితం తప్పిపోతుంది, కాబట్టి నంబరు, కౌన్సిల్ పేరు కలిపి వెతకడమే నయం. దొరికిన పేజీలో మూడు సంగతులు చూడాలి. తండ్రి పేరు, సంవత్సరం వంటి వివరాలు మీ డాక్టరువేనా, బోర్డు మీద రాసుకున్న స్పెషలిస్టు అర్హత నమోదై ఉందా, పేరు మీద సస్పెన్షన్ గానీ తొలగింపు గానీ ఉందా అన్నవి. అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోవడం కూడా 2002 నిబంధనల ప్రకారం దుష్ప్రవర్తనే. అయితే కేంద్ర జాబితా కొన్నిసార్లు వెనకబడి ఉంటుంది. అందులో పేరు కనిపించనంత మాత్రాన దొంగ డాక్టరని తీర్మానించకుండా, రాష్ట్ర కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడిగి నిర్ధారించుకోవాలి.

ఏ రిజిస్టర్‌లోనూ పేరు లేని వ్యక్తి విషయం పూర్తిగా వేరు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అని పిలిచే వ్యక్తికి సాధారణంగా ఏ కౌన్సిల్‌లోనూ నమోదు ఉండదు. పేరే లేనివాడిని జాబితా నుంచి తొలగించడం కుదరదు కాబట్టి అది క్రమశిక్షణ చర్య కాదు, నేరం. జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలాంటి ఫిర్యాదును కౌన్సిల్‌తోపాటు పోలీసులకూ, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికీ ఇవ్వాలి. హోమియో చదివి అల్లోపతి మందులు ఇచ్చిన ఒక వ్యక్తి కేసులో, తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది.

కేస్ షీట్ చేతికి రాకముందు ఫిర్యాదు రాయవద్దు

అన్నింటికన్నా ముందు చేయవలసిన పని ఇదే, చాలామంది ఆఖరున చేసే పనీ ఇదే. రోగి గానీ, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గానీ, చట్టపరమైన అధికారులు గానీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు భద్రపరచాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా దానిమీదే విడిగా ఫిర్యాదు చేయవచ్చు.

అడగడం నోటిమాటగా ఉండకూడదు. మెడికల్ సూపరింటెండెంటు పేరున ఒక పేజీ దరఖాస్తు రాసి, ఇన్‌పేషెంట్ (ఐపీ) నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ వేసి, రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకదానిపై ఆసుపత్రి ముద్ర, తేదీ, సమయం వేయించుకోవాలి. సమయం ఎందుకంటే 72 గంటలు అక్కడి నుంచే లెక్క. ముద్ర వేయడానికి నిరాకరిస్తే అదే రోజు స్పీడ్ పోస్టులోనూ, ఆసుపత్రి ఈమెయిల్‌కూ పంపాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు, దానికి గడువు 30 రోజులు.

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి ఇచ్చి పంపేస్తే ఒప్పుకోకూడదు. అది చికిత్స అంతా అయ్యాక ఆసుపత్రి తన మాటల్లో రాసుకున్న సారాంశం మాత్రమే. దరఖాస్తులో ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగాలి: చేర్చుకున్నప్పటి నోట్స్, డాక్టర్లు రోజువారీగా రాసిన నోట్స్, నర్సుల చార్టు, మందులిచ్చిన చార్టు, సంతకం చేసిన సమ్మతి పత్రాలు, ఆపరేషన్ నోట్స్, మత్తుమందు రికార్డు, ల్యాబ్ నివేదికలు, స్కాన్ల ఫిల్ములు లేదా సీడీలు, వివరాలతో కూడిన బిల్లు. వీటిలో నర్సుల చార్టు అసలైన సాక్ష్యమని నా అభిప్రాయం. ఎన్ని గంటలకు జ్వరం ఎంత ఉంది, రక్తపోటు ఎప్పుడు పడిపోయింది, డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చేశారు, ఆయన ఎప్పుడు వచ్చాడు అన్నవి గంటగంటకూ అందులోనే ఉంటాయి. వాదన కోసం కాకుండా విధి నిర్వహణలో భాగంగా రాసిన రాతలు కాబట్టి ఫిర్యాదును విచారించే కౌన్సిల్ ఎథిక్స్ కమిటీలోని వైద్యులు కూడా వాటినే నమ్ముతారు.

చేతికి వచ్చిన ప్రతిలో ప్రతి పేజీకీ పెన్సిల్‌తో వరుస సంఖ్య వేసుకోవాలి. ఏ తేదీ నోట్స్ లేవో, ఎక్కడ కొట్టివేతలున్నాయో, సమ్మతి పత్రంలో ఆపరేషన్ పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉందేమో అప్పుడే నోట్ చేసుకోవాలి. బిల్లులో ఉన్న మందు చార్టులో లేకపోవడం వంటివి కూడా ఈ దశలోనే బయటపడతాయి.

ఏది దుష్ప్రవర్తన, ఏది కాదు

చికిత్స ఫలించకపోవడం దుష్ప్రవర్తన కాదు. ఒక రోగానికి రెండు ఆమోదిత చికిత్సా పద్ధతులుండి డాక్టరు వాటిలో ఒకటి ఎంచుకుంటే, రెండోది ఎంచుకుంటే బాగుండేదన్న వాదన నిలవదు. అదే వృత్తిలో సాధారణ నైపుణ్యం గల వైద్యుడు ఆ పరిస్థితిలో ఏం చేసేవాడన్నదే కొలబద్ద. వృత్తిలో అసమర్థతను తోటి వైద్యులే నిర్ణయించాలని నిబంధనలే చెబుతున్నాయి. డాక్టర్లే డాక్టర్ల మీద తీర్పు చెప్పడమేమిటన్న ఆగ్రహం సహజమే, దానిలో న్యాయం కూడా కొంత ఉంది. కానీ కౌన్సిల్ వ్యవస్థ నిర్మాణమే అది. దాన్ని తప్పుపడుతూ ఫిర్యాదులో ఒక పేరా రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

నిపుణుల అభిప్రాయంతో నిమిత్తం లేకుండా కాగితం మీదే తేలిపోయే ఉల్లంఘనలు చాలా ఉన్నాయి. తప్పుడు సర్టిఫికెట్ ఇవ్వడం, ల్యాబ్ నుంచో మందుల దుకాణం నుంచో రోగిని పంపినందుకు కమీషన్ తీసుకోవడం, రోగుల కోసం ప్రకటనలు ఇచ్చుకోవడం, మందుల కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు పుచ్చుకోవడం, రోగి రహస్యాలను చట్టం అనుమతించిన సందర్భాలు లేకుండానే బయటపెట్టడం, రాతపూర్వక సమ్మతి లేకుండా ఆపరేషన్ చేయడం, చేపట్టిన రోగిని తగిన ముందస్తు సమాచారం లేకుండా మధ్యలో వదిలేయడం ఈ కోవలోకి వస్తాయి. సమ్మతి విషయంలో 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి బాగా ఉపయోగపడుతుంది. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదనీ, ప్రాణాపాయం వంటి అత్యవసరం లేనప్పుడు రోగి ఒప్పుకోని అదనపు ఆపరేషన్ చేయడం చెల్లదనీ ఆ తీర్పు చెప్పింది.

లింగనిర్ధారణ పరీక్షల విషయంలో చట్టం మరింత కఠినంగా ఉంది. 1994 నాటి చట్టం ప్రకారం డాక్టరుపై కోర్టు అభియోగాలు నమోదు చేస్తే రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేయవచ్చు. శిక్ష పడితే మొదటి నేరానికి అయిదేళ్లు, మళ్లీ చేస్తే శాశ్వతంగా పేరు తొలగిస్తారు.

ఫిర్యాదు రాసే తీరు

కౌన్సిల్‌కు వచ్చే ఫిర్యాదుల్లో తరచుగా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: “డాక్టరు పూర్తి నిర్లక్ష్యం వల్ల, డబ్బు మీద ఆశ వల్ల మా నాన్నగారి ప్రాణం పోయింది, దయచేసి కఠిన చర్యలు తీసుకోగలరు.” ఇందులోని దుఃఖం నిజమైనదే. కానీ డాక్టరు దీనికి రాసే జవాబు ఒక్క వాక్యంలో ముగుస్తుంది: ఆరోపణలు నిరాధారం, చికిత్స ప్రమాణాల ప్రకారమే జరిగింది.

అదే విషయాన్ని ఇలా రాశారనుకుందాం: “12వ తేదీ రాత్రి 9.40కి రోగి రక్తపోటు 80/50 అని డ్యూటీ నర్సు నమోదు చేసి, డాక్టరుకు ఫోన్‌లో తెలిపినట్టు రాశారు (కేస్ షీట్ 14వ పేజీ). 13వ తేదీ ఉదయం 6.15 వరకు ఏ డాక్టరూ రోగిని చూసినట్టు నోట్స్ లేవు (15, 16 పేజీలు). చేపట్టిన రోగిని నిర్లక్ష్యం చేయరాదన్న 2.4 నిబంధనకు ఇది విరుద్ధమని నా ఫిర్యాదు.” ఇప్పుడు డాక్టరు ఆ ఎనిమిదిన్నర గంటల్లో తాను ఎక్కడున్నాడో, ఫోన్‌లో ఏం చెప్పాడో, ఆ సూచన ఎందుకు నమోదు కాలేదో జవాబు చెప్పి తీరాలి. ప్రతి ఆరోపణా ఇలాగే ఉండాలి. ఏం జరిగింది, ఎప్పుడు, ఏ పేజీలో ఉంది, ఏ నిబంధనకు విరుద్ధం అన్న నాలుగూ లేని వాక్యాన్ని కొట్టేయడమే మంచిది. ఫిర్యాదు బలం ఆరోపణల సంఖ్యలో లేదు. గట్టివి మూడు, బలహీనమైనవి ఏడు కలిపి రాస్తే విచారణ ఆ ఏడింటి చుట్టూనే తిరుగుతుంది.

ఫిర్యాదు వ్యక్తిగా డాక్టరు మీద ఉండాలి, ఆసుపత్రి మీద కాదు. ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ ఇచ్చేదీ రద్దు చేసేదీ వేరే అధికారులు. పడకలు, సిబ్బంది, బిల్లుల గురించిన ఫిర్యాదును జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి విడిగా ఇవ్వాలి. ఒకరికన్నా ఎక్కువమంది డాక్టర్లు చూసి ఉంటే ఎవరి పాత్ర ఏమిటో విడదీసి, ఒక్కొక్కరి రిజిస్ట్రేషన్ నంబరు రాయాలి. అందరినీ కలిపి “ఆసుపత్రి డాక్టర్లు” అంటే ఎవరికి నోటీసు ఇవ్వాలో కౌన్సిల్‌కే తెలియదు.

ఫిర్యాదుదారు పేరు, చిరునామా, రోగితో ఉన్న బంధుత్వం, గుర్తింపు పత్రం ప్రతి తప్పనిసరి. ఆకాశరామన్న ఉత్తరాలను కౌన్సిల్ విచారణకు తీసుకోదు. విషయాలు నిజమని నోటరీ చేయించిన అఫిడవిట్ జతచేయాలి. ఎన్ని ప్రతులు కావాలో కౌన్సిల్ కార్యాలయాన్ని ముందే అడిగి అన్నీ ఒకేసారి ఇవ్వాలి. అసలు పత్రాలు ఇచ్చేయకుండా ప్రతులే ఇచ్చి, విచారణ రోజున అసలువి తీసుకెళ్లాలి. ఫిర్యాదు తెలుగులో రాయడానికి సంకోచించనవసరం లేదు, అయితే జతచేసే పత్రాల పట్టిక మాత్రం స్పష్టంగా, పేజీ సంఖ్యలతో ఉండాలి.

2002 నిబంధనల్లో ఫిర్యాదుకు కాలపరిమితి లేదు. అలాగని ఆలస్యం చేస్తే మూడేళ్ల తర్వాత రికార్డులే మిగలకపోవచ్చు.

నోటీసు తర్వాత

ఫిర్యాదు అందాక కౌన్సిల్ డాక్టరుకు ప్రతి పంపి వివరణ కోరుతుంది. ఆ వివరణ ప్రతిని మీరు అడిగి తీసుకుని, అవసరమైతే దానికి జవాబు రాయాలి. తర్వాత ఎథిక్స్ కమిటీ ఇరుపక్షాలనూ పిలుస్తుంది, అవసరమైతే సంబంధిత విభాగపు నిపుణుల అభిప్రాయం తీసుకుంటుంది. కమిటీ నివేదికపై కౌన్సిల్ తుది నిర్ణయం తీసుకుంటుంది. డాక్టరుకు తన వాదన వినిపించే అవకాశం ఇవ్వకుండా ఏ చర్యా తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. ఈ నియమం ఫిర్యాదుదారుకు కూడా మేలు చేసేదే. విచారణ సక్రమంగా జరగకుండా విధించిన శిక్ష హైకోర్టులో ఒక్క వాయిదాకు కూడా నిలవకపోవచ్చు.

నిర్ణయం ఆరు నెలల్లో రావాలని నిబంధన ఉంది. ఆచరణలో ఆ గడువు తరచుగా దాటిపోతుంది. ఆరు నెలలు నిండిన రోజున కౌన్సిల్ రిజిస్ట్రారుకు గుర్తుచేస్తూ ఒక లేఖ రాయాలి. దానికీ కదలిక లేకపోతే ఫైలు ఏ దశలో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి, కౌన్సిల్ కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. జాప్యంపై జాతీయ కమిషన్‌కు రాయవచ్చు, ఆరు నెలల్లో తేల్చమని ఆదేశించాలని హైకోర్టునూ కోరవచ్చు. విచారణ జరుగుతున్న కాలంలో వివాదంలో ఉన్న చికిత్సను చేయవద్దని డాక్టరును కట్టడి చేసే అధికారం కౌన్సిల్‌కు ఉంది కాబట్టి, ఇతర రోగులకు ప్రమాదం ఉందని చూపగలిగితే దాన్ని ఫిర్యాదులోనే విడిగా కోరాలి.

కమిటీ ముందు కూర్చున్నప్పుడు కేసును మొదటి నుంచి కథలా చెప్పుకుపోవడం వల్ల సమయం వృథా అవుతుంది. కమిటీ సభ్యులు కాగితాలు ముందు పెట్టుకునే ఉంటారు. మీ మూడు నాలుగు ఆరోపణలకు సంబంధించిన పేజీలను ఒక్కొక్కటిగా తెరిపించి, డాక్టరును అడగవలసిన ప్రశ్న ఏమిటో కమిటీకి చెప్పగలిగితే చాలు.

నోటీసు అందుకున్నది మీరే అయితే, అంటే మీరు వైద్యులైతే, చేయకూడని పని ఒకటుంది. కేస్ షీట్‌లో తర్వాత తీరికగా చేర్పులు చేయకండి. రోగి దగ్గర అప్పటికే పాత ప్రతి ఉండవచ్చు. అసలు ఆరోపణ నిలవని కేసులో కూడా రికార్డు దిద్దిన సంగతి ఒక్కటే నిలుస్తుంది. వివరణ గడువులోపు, పేజీ సంఖ్యలతో, ఫిర్యాదుదారును నిందించకుండా రాయాలి.

కౌన్సిల్ ఇవ్వలేనిది ఎక్కడ దొరుకుతుంది

నష్టపరిహారానికి వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు మాత్రం రావు. ప్రస్తుతం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లో కేసు వేయాలి. గడువు రెండేళ్లు. కౌన్సిల్ నిర్ణయం వచ్చాక వేద్దామని ఆగి ఈ రెండేళ్లు పోగొట్టుకున్నవారు చాలామంది ఉంటారు. రెండు ఫిర్యాదులూ ఏకకాలంలో నడపవచ్చు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం ఉండి తీరాలన్న నియమం వినియోగదారుల కమిషన్‌లో లేదు. మలేరియా రోగికి టైఫాయిడ్ చికిత్స చేసిన హైదరాబాద్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పి, జిల్లా ఫోరం ఇచ్చిన పరిహారాన్ని నిలబెట్టింది.

పోలీసు కేసు దారి ఇరుకైనది. జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన తీర్పు ప్రకారం నేరంగా పరిగణించాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలి. అదే రంగానికి చెందిన, వీలైతే ప్రభుత్వ సేవలో ఉన్న స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోకుండా దర్యాప్తు అధికారి ముందుకు వెళ్లకూడదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద, వైద్య ప్రక్రియలో నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే రిజిస్టర్డ్ వైద్యుడికి రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ప్రభుత్వ డాక్టరైతే శాఖాపరమైన విచారణ కూడా కోరవచ్చు, ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన కౌన్సిల్ పరిధి నుంచి తప్పించుకోలేడు.

ఆసుపత్రి ముందు గొడవకు దిగడం మాత్రం అన్నివిధాలా నష్టమే. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం ప్రకారం వైద్య సిబ్బందిపై దాడికీ, ఆసుపత్రి ఆస్తి ధ్వంసానికీ మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఫిర్యాదుదారు నిందితుడిగా మారితే కౌన్సిల్ ముందు డాక్టరు తరఫు వాదన అక్కడి నుంచే మొదలవుతుంది.

ఉత్తర్వు, అప్పీలు

కౌన్సిల్ ఫిర్యాదును కొట్టివేయవచ్చు, హెచ్చరించి వదలవచ్చు, కొంతకాలం లేదా శాశ్వతంగా పేరు తొలగించవచ్చు. తొలగింపును స్థానిక పత్రికల్లో, వైద్య సంఘాల ప్రచురణల్లో ప్రకటించాలని కూడా నిబంధనల్లో ఉంది.

శిక్షపడిన డాక్టరు ఎథిక్స్ బోర్డుకు, అక్కడా ఓడితే 60 రోజుల్లో జాతీయ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. రోగి సంగతి ఇంత సూటిగా లేదు. 2002 నిబంధనలు “నిర్ణయంతో నష్టపోయిన ఏ వ్యక్తికైనా” 60 రోజుల్లో అప్పీలు చేసే హక్కు ఇచ్చాయి. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 30వ సెక్షన్ మాత్రం డాక్టరు అప్పీలు గురించే మాట్లాడుతుంది. ఆ కారణం చూపి రోగుల అప్పీళ్లను తిరస్కరించిన సందర్భాలున్నాయి. ఇది చట్టంలోని లోపమేనని నా అభిప్రాయం. ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చి, దాన్ని అన్యాయంగా కొట్టివేస్తే పైకి వెళ్లే దారి మూసేయడంలో న్యాయం కనిపించదు. ఆచరణలో చేయవలసింది ఏమిటంటే, 60 రోజుల గడువులోనే 2002 నిబంధనను ఉదహరిస్తూ అప్పీలు పంపాలి. తిరస్కరిస్తే ఆ తిరస్కరణనూ, కౌన్సిల్ ఉత్తర్వునూ కలిపి రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టులో సవాలు చేయాలి. హైకోర్టు వైద్యపరమైన తప్పొప్పులను మళ్లీ తూచదు. కారణాలు చెప్పకుండా ఫిర్యాదును కొట్టేశారా, మీరిచ్చిన పత్రాలను అసలు చూడనేలేదా, మీ వాదన వినలేదా అన్నవే చూస్తుంది. అందుకే ప్రతి విచారణ రోజున ఏమేం సమర్పించారో తేదీ వేసి, అందినట్టు సంతకం తీసుకుని దాచుకోవాలి.

పేరు తొలగించినట్టు ఉత్తర్వు వస్తే దాని ధ్రువీకృత ప్రతి తీసుకుని, కొన్ని వారాల తర్వాత రిజిస్టర్‌లో ఆ నమోదు మారిందో లేదో చూడాలి, మారకపోతే రిజిస్ట్రారుకు రాయాలి. ఆ కాలంలో ఆ వ్యక్తి వైద్యం కొనసాగిస్తే అది మళ్లీ 34వ సెక్షన్ కిందికి వస్తుంది. తేదీ ఉన్న ప్రిస్క్రిప్షన్, క్లినిక్ బోర్డు ఫొటో, ఉత్తర్వు ప్రతి జతచేసి కౌన్సిల్‌కూ, స్థానిక పోలీస్ స్టేషన్‌కూ ఒకే రోజున ఇచ్చి, రెండు చోట్లా రసీదు తీసుకోవాలి.